నత్తి ఉన్న అబ్బాయితో డేటింగ్: మాట ఆగినప్పుడు నేనేం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: కొత్తగా పరిచయమైన అబ్బాయి బాగా నచ్చాడు, అతనికి నత్తి ఉంది, మాట ఆగిపోయినప్పుడు ఎటు చూడాలో తెలియడం లేదు, మాట అందించాలా వద్దా, అసలు ఈ విషయం అతని దగ్గర ఎత్తవచ్చా, త్వరలో ఫ్రెండ్స్‌కి పరిచయం చేయాలంటే టెన్షన్‌గా ఉంది. మా ఆయనకి చిన్నప్పటి నుంచీ నత్తి. పెళ్లికి ముందు చాలా కాలం డేటింగ్‌లో ఉన్నాం కాబట్టి మీ ప్రశ్నలన్నీ నాకు తెలిసినవే.

ముందు సూటిగా చెప్పగలిగింది చెప్పేస్తాను. మాట అందించకండి. మామూలుగా ఎవరైనా మాట్లాడుతుంటే ఎలా చూస్తూ వింటారో అలాగే వినండి. కళ్లార్పకుండా పెదాల వైపు చూడటమూ వద్దు, పాపం ఇబ్బంది పడుతున్నాడని ఫోన్‌లోకి తల దూర్చేయడమూ వద్దు. రెండోది మర్యాద అనుకుని చేస్తాం గానీ, అవతలి మనిషికి మాత్రం 'నువ్వు పడే తిప్పలు నేను చూడలేను' అన్నట్టే ఉంటుంది. మాట ఆగిన ఆ కొద్ది సెకన్లు మీకు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, కొంత కాలానికి అనిపించవు, అలవాటైపోతుంది.

మాట అందిస్తే ఏమవుతుందంటే, మీ ఊహ తప్పైనప్పుడు అతను కాదన్నట్టు తల ఊపి అదే మాట మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాలి, ఈసారి ఇంకా కష్టంగా వస్తుంది. అంత ఓపిక లేకపోతే "ఆ, అదే" అనేస్తాడు. ఇది ఇంకా ఘోరం, ఎందుకంటే అతను చెప్పాలనుకున్నది పోయింది, ఇక మీరు మీ మాటకే మీరు జవాబు చెప్పుకుంటున్నారు. మా ఆయన కాలేజీ రోజుల్లో అలా అన్న "ఆ, అదే"లకి లెక్కే లేదంటాడు, చదవని పుస్తకాలు చదివినట్టు, నచ్చని సినిమాలు నచ్చినట్టు ఒప్పేసుకున్నాడట. ఊహ కరెక్టయినా సరే, మాట చివర్లో ఉండగా ఎవరో లాక్కుంటే ఎవరికైనా చిరాకే కదా. కొందరు మాత్రం అందిస్తేనే బాగుంటుందంటారు. అలాంటివాళ్లు తక్కువ, అతను వాళ్లలో ఒకడైతే అతనే చెబుతాడు.

అలాగే "నెమ్మదిగా చెప్పు, ఊపిరి తీసుకో, టెన్షన్ పడకు" అనే మాటలు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి టీచర్లూ చుట్టాలూ బస్సులో పక్క సీటువాళ్లూ చెబుతూనే ఉన్నారు, ఆ సలహాతో పోయేదైతే ఎప్పుడో పోయేది. నత్తి భయం వల్ల వచ్చేది కాదు. మాటని నడిపే మెదడు పనితీరులో ఉండే తేడా అది, సాధారణంగా రెండు నుంచి ఐదేళ్ల వయసులో మొదలవుతుంది, వంశంలో ఉంటే వచ్చే అవకాశం పెరుగుతుంది. పిల్లల్లో సుమారు 5 శాతం మందికి ఏదో ఒక దశలో ఉంటుంది, వాళ్లలో ఎక్కువమందికి పెద్దయ్యేలోపు పోతుంది, ఉండిపోయేది మొత్తం జనాభాలో 1 శాతం దగ్గర. పెద్దవాళ్లలో చూస్తే ఆడవాళ్ల కంటే మగవాళ్లకి దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ. (రేపు పిల్లలకి వస్తుందా అని మీ ఇంట్లో ఎవరో ఒకరు అడిగే తీరతారు: రావచ్చు, రాకపోవచ్చు, వచ్చినా పోయే అవకాశమే ఎక్కువ.) టెన్షన్ దాన్ని పెంచగలదు, అంతే. ఏం చెప్పాలో అతనికి స్పష్టంగా తెలుసు, ఆ మాట నోటి దాకా వచ్చి అక్కడ ఆగింది.

ఇంకో విషయం మిమ్మల్ని తికమక పెడుతుంది. నత్తి రోజూ ఒకేలా ఉండదు. పాట పాడుతుంటే రాదు, అందరితో కలిసి గొంతు కలిపి చదువుతుంటే రాదు, ఒంటరిగా తనలో తను మాట్లాడుకుంటే, పెంపుడు కుక్కతో మాట్లాడితే చాలామందికి అసలు కనపడదు. నిన్న గంటసేపు గలగలా మాట్లాడినవాడు ఇవాళ ఒక్క వాక్యానికి అవస్థ పడొచ్చు. అది చూసి 'నిన్న నేనేమైనా అన్నానా, నా దగ్గర అంత ఇబ్బందిగా ఉందా' అని లెక్కలు వేసుకోకండి. మా విషయంలో ఇంకా విచిత్రం, దగ్గరయ్యేకొద్దీ తన నత్తి తగ్గలేదు, పెరిగింది. మొదట్లో నేనూ కంగారు పడ్డాను. తర్వాత తనే చెప్పాడు, నీ దగ్గర దాచడం మానేశాను, అందుకే ఎక్కువగా వినపడుతోంది అని.

ఈ దాచడం గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే నత్తి ఉన్న మనిషితో బతకడంలో అసలు సంగతి నాకు ఇక్కడే ఉందనిపిస్తుంది. మనకి వినపడే నత్తి వేరు, దాన్ని వినపడనివ్వకుండా ఉండటానికి వాళ్లు లోపల చేసే పని వేరు. ఒక మాట రాబోతోందని, అది ఆగుతుందని ముందే తెలుస్తుందట, వెంటనే దాని బదులు ఇంకో మాట పెట్టేస్తారు, వాక్యం తిప్పేస్తారు, మధ్యలో "అంటే", "అదే" లాంటివి దూర్చి దాటేస్తారు. మెనూలో కావలసింది ఒకటి, ఆర్డర్ చేసేది నోరు తిరిగే ఇంకొకటి. తెలిసిన దానికి కూడా "తెలీదు" అని చెప్పేస్తారు, అది ఒక్క మాటతో అయిపోతుంది కాబట్టి. కొందరు ఇది ఎంత బాగా చేస్తారంటే ఏళ్ల తరబడి పక్కన ఉన్నవాళ్లకి కూడా నత్తి ఉందని తెలియదు. మార్చుకోవడానికి వీల్లేనిది సొంత పేరు ఒక్కటే, అందుకే చాలామందికి అన్నిటికంటే కష్టమైన మాట అదే అవుతుంది. పేరు చెప్పడానికి తడబడితే అవతలివాళ్లు "పేరు మర్చిపోయావా?" అని నవ్వుతారు, అదేదో వాళ్లే కనిపెట్టిన జోక్ అయినట్టు!

జోసెఫ్ షీహన్ అని అమెరికాలో ఒక సైకాలజిస్ట్ ఉండేవాడు, ఆయనకీ నత్తి ఉండేది. ఆయన నత్తిని సముద్రంలో తేలే మంచుకొండతో పోల్చాడు, పైకి వినపడేది కొంచెం, నీళ్ల కింద ఉన్న సిగ్గూ భయమూ తప్పించుకోవడాలే అసలు బరువు అని. మా ఆయన వెళ్లిన స్పీచ్ థెరపిస్ట్ మొదటి రోజే ఈ సంగతి చెప్పిందట.

మరి మీకు దీంతో ఏం పని అంటే, దాచే అలవాటు ప్రేమలోకి కూడా వస్తుంది. మా మధ్య అది "సరే" రూపంలో వచ్చింది. ఎక్కడికి వెళ్దాం, సరే. నాకు ఫలానాది నచ్చలేదు, సరే. గొడవలో కూడా సరే. ఎంత సర్దుకుపోయే మనిషో అనుకోవడం చాలా తేలిక. కాదని చెప్పాలంటే కారణం చెప్పాలి, కారణం అంటే పెద్ద వాక్యం, అందులో ఎన్నిచోట్ల ఆగాలో తెలియదు, దానికంటే ఒప్పేసుకుంటే ఒక్క మాటతో పోతుంది. ఇలా పోగైన "సరే"లన్నీ కలిసి ఒకరోజు బయటికొస్తాయి, అప్పుడు మీకు మతిపోతుంది. కాబట్టి అతను టకీమని ఒప్పుకున్నప్పుడు, ముఖ్యమైన విషయమైతే, "నిజంగానేనా? ఆలోచించి చెప్పు, తొందరేం లేదు" అని ఇంకోసారి అడగండి. అడిగి ఊరుకోండి. చేతిలో పని పెట్టుకుని, టైం చూసుకుంటూ అడిగితే అది అడిగినట్టు కాదు.

గొడవల్లో ఇంకొకటుంది. వేగంగా మాట్లాడేవాళ్లే గెలుస్తారు. వాళ్లవైపు న్యాయం లేకపోయినా గెలుస్తారు. నేను గడగడా మాట్లాడే రకం, తను ఒక వాక్యం పూర్తిచేసేలోపు నేను మూడు పూర్తిచేయగలను. అందుకని మేమొక పద్ధతి పెట్టుకున్నాం, తను మాట్లాడటం అయిపోయిందని తను చెప్పేదాకా నేను నోరు తెరవను. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ, గొడవ పడే తీరే మారిపోయింది. మెసేజ్‌లో గొడవ పడొచ్చు కదా అంటారు. మేమూ అలా పడ్డాం, రాతలో తను పులి. కానీ అది అలవాటైతే ముఖాముఖి మాట్లాడటం ఇంకా భారమవుతుంది, అందుకని ప్లాన్లూ పనులూ మెసేజ్‌లో, మనసులో మాటలు ఎదురుగా అనుకున్నాం. మీ ఇద్దరికీ ఏది కుదిరితే అది. అతను రాసి చెప్పడమే ఇష్టపడితే అందులో తక్కువేం లేదు.

ఇక అతని దగ్గర ఎత్తాలా? ఎత్తండి. మాట ఆగిన నిమిషంలో మాత్రం వద్దు. మామూలుగా కూర్చుని ఉన్నప్పుడు, "నీకు మాట ఆగినప్పుడు నేనేం చేస్తే నీకు బాగుంటుంది?" అని అడిగితే చాలు. 'నీ సమస్య', 'పాపం', 'నాకేం పర్వాలేదు' లాంటివేం అక్కర్లేదు, ముఖ్యంగా 'నాకేం పర్వాలేదు' అనకండి, అదేదో మీరు చేస్తున్న దయలా వినపడుతుంది. అతను ఒక్క ముక్కలో తేల్చేసి టాపిక్ మారిస్తే వదిలేయండి. మీరు ఆ విషయం మాట్లాడగలరని అతనికి తెలిసింది కదా, ఇంకోరోజు తనే ఎత్తుతాడు. లేదా ఎత్తడు, అదీ అతని ఇష్టమే.

ఫోన్ కాల్స్ సంగతి. చాలామందికి ఎదురుగా మాట్లాడటం కంటే ఫోన్ కష్టం, ముఖం కనపడదు కాబట్టి మాట ఆగితే అవతలివాళ్లు "హలో, హలో" అని పెట్టేస్తారు. ఆటోమేటిక్ వాయిస్ సిస్టమ్‌లైతే మరీ దారుణం, కొంచెం ఆగితే చాలు 'మీ జవాబు అర్థం కాలేదు' అంటాయి. అతను అడిగితే ఒక కాల్ మీరు చేసిపెట్టండి, మీకు రాని పని ఇంకోటి అతను చేస్తాడు. అడక్కుండా మాత్రం ఫోన్ లాక్కోకండి. మీరు అతని సెక్రటరీ అయిపోతే ఇద్దరికీ మంచిది కాదు.

థెరపీకి వెళ్లమని చెప్పొచ్చా? అతను అడిగితే చెప్పండి. నత్తిని పూర్తిగా పోగొట్టే మందంటూ లేదు. థెరపీలో కొన్ని పద్ధతులు మాటని సాగదీసి, మృదువుగా మొదలుపెట్టడం నేర్పుతాయి, కొన్ని నత్తి వచ్చినా కుస్తీ పట్టకుండా తేలిగ్గా దాటడం నేర్పుతాయి. నత్తి ఉన్న ఇంగ్లండ్ రాజు ఆరవ జార్జ్, ఇంకా రాజు కాకముందే, 1926 నుంచి లయొనెల్ లోగ్ అనే స్పీచ్ థెరపిస్ట్ దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకున్నాడు. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు రేడియోలో మాట్లాడింది కూడా ఆగి ఆగి, జాగ్రత్తగానే. అంటే రాజుకైనా ఇంతే. ఈ టెక్నిక్‌లు వాడటం అలసట, రోజంతా ఆఫీసులో వాడి వచ్చినవాడు సాయంత్రం మీ దగ్గర వాడకపోతే 'ప్రాక్టీస్ చేయవేం' అనకండి. మీ దగ్గరైనా ఇష్టం వచ్చినట్టు నత్తిగా మాట్లాడే హక్కు ఉండాలి కదా.

ఇది చదివేవాళ్లలో వేరే రకం మాట ఉన్నవాళ్లతో ఉన్నవారూ ఉండొచ్చు, అంగిలి చీలికతో పుట్టడం వల్ల ముక్కుతో వచ్చే మాట, లేదా మాటలు ఒకదాని మీద ఒకటి పడేంత వేగం. అక్కడ ఇబ్బంది వేరు, మాట వస్తుంది గానీ మనకి అర్థం కాదు. అర్థమైనట్టు నవ్వి తలూపకండి, వాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. అర్థమైనంత వరకు మీరు చెప్పి, మిగిలిన ముక్క మాత్రం మళ్లీ అడగండి.

మీ ప్రశ్నలో మీరు సగం దాచిన విషయం ఒకటుంది, నలుగురిలో సిగ్గుగా ఉంటుందని. ఉంటుంది, మొదట్లో అందరికీ ఉంటుంది, అందుకు మీరు చెడ్డ మనిషి అయిపోరు. కొన్ని నెలలు గడిచినా అది తగ్గకపోతే మాత్రం జాలితో కొనసాగకండి. ఇంకో వైపు కూడా చెప్పాలి, నత్తి ఉన్నంత మాత్రాన మనిషి బంగారం అయిపోడు. అతను విసుక్కుంటే, మాట తప్పితే, నిర్లక్ష్యం చేస్తే, వేరే ఎవరినైనా ఎలా అడుగుతారో అలాగే అడగండి.

ఇక ఫ్రెండ్స్ దగ్గరికి. వాళ్లకి ముందే చెప్పాలా వద్దా అనేది మీరు తేల్చేది కాదు, అతన్ని అడగండి. కొందరు తామే మొదటి నిమిషంలో "నాకు నత్తి ఉంది, కొంచెం టైం పడుతుంది" అని చెప్పేసి హాయిగా ఉంటారు, మా ఆయన ఇప్పుడు అదే చేస్తాడు. పేరు తనే చెప్పుకుంటాడా, మీరు చెప్పాలా అన్నదీ అడిగి పెట్టుకోండి. అక్కడ ఎవరో ఒకరు అతన్ని అడగాల్సింది మిమ్మల్ని అడుగుతారు, "ఈయన ఏం చేస్తుంటారు?" అని. జవాబు చెప్పకుండా మీరు అతని వైపు తిరగండి, అడిగినవాళ్ల చూపు కూడా అటే తిరుగుతుంది. ఎవరైనా నవ్వితే అక్కడికక్కడ యుద్ధానికి దిగకండి, అతనికి అది ఇంకా ఇబ్బంది, తర్వాత విడిగా ఆ నవ్విన మనిషికి చెప్పాల్సింది చెప్పొచ్చు. ఒక్క పని మాత్రం నేను అడక్కుండానే చేస్తాను, కలిసే చోటు నేనే చూస్తాను. పాటలు హోరెత్తే చోట అతి కష్టం మీద చెప్పిన వాక్యాన్ని "ఏంటీ? వినపడలేదు" అంటే మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. మనుషులు కూడా నలుగురైదుగురికి మించి వద్దు, పది మంది ఉంటే మాట్లాడాలంటే సందు చూసి మధ్యలో దూరాలి, అతను దూరేలోపు టాపిక్ మారిపోతుంది.