గుర్రానికి మన మాట అర్థమవుతుందా?

"గుర్రానికి, దాన్ని ఎక్కేవాడికి మధ్య నిజంగా మాట కలుస్తుందా? కలవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగారు. మాది విజయనగరం. మా తాత రైల్వే స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు, ఆయన తర్వాత మా నాయిన తోలాడు. ఆటోలొచ్చి జట్కాలు పోయాయి గానీ మా ఇంట్లోంచి గుర్రం పోలేదు. ఇప్పుడున్నది గౌరి, తెల్లటి ఆడగుర్రం. సీజన్లో పెళ్ళి ఊరేగింపులకి తీసుకెళ్తాను. మిగతా రోజుల్లో తెల్లారకముందే నేనే ఎక్కి పెద్ద చెరువు వైపు తిప్పుకొస్తాను.

మాట కలుస్తుంది. అయితే నోటితో చెప్పినదానికంటే ఒంటితో చెప్పినదే దానికి ముందు చేరుతుంది. ఈగ వాలితే ఆ ఒక్కచోటే చర్మం విదిలించి తోలేసే జంతువది. అలాంటిది వీపు మీద కూర్చున్న మనిషి తొడలు బిగిస్తే, ఊపిరి బిగబడితే తెలియదా?

1900ల మొదట్లో జర్మనీలో హాన్స్ అనే గుర్రం ఉండేది. లెక్క అడిగితే జవాబు ఎంతో అన్నిసార్లు డెక్కతో నేల తట్టేదని ఊళ్ళన్నీ చెప్పుకున్నాయి. ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే ఆయన పరీక్షించి 1907లో అసలు సంగతి బయటపెట్టాడు. దానికి లెక్కలు రావు. సరైన జవాబు రాగానే అడిగినవాడి తల తనకే తెలియకుండా కాస్త కదిలేది, అది చూసి తట్టడం ఆపేసేది. ఈ కథ చెప్పి గుర్రానికి తెలివి లేదనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎదుటివాడికే తెలియని కదలికని పట్టుకుంది కదా, అంతకంటే తెలివేం కావాలి?

పోయిన మాఘమాసంలో ఒక పెళ్ళి. ఊరేగింపు గంటస్తంభం దాటింది. పెళ్ళికొడుకు ఎక్కడో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు, గుర్రం ఎక్కడం అదే మొదటిసారి. వెనకాల డీజే వ్యాను, మనిషెత్తు బాక్సులు. నేను గౌరి ఎడమ పక్కన తాడు పట్టుకుని నడుస్తున్నాను. దాని ఒక చెవి నావైపు తిరిగి ఉంది, రెండోది డీజే వైపు. నావైపు ఒక చెవి ఉన్నంతసేపూ నాకు భయం లేదు.

అంతలో ఎవరో కుర్రాళ్ళు సరిగ్గా దాని కాళ్ళ ముందే వెయ్యివాలా వెలిగించారు. పెళ్ళికొడుకు బిగుసుకుపోయాడు. రెండు మడమలూ డొక్కల్లో దిగిపోయాయి, రెండు చేతులూ పగ్గాలు గుంజేశాయి. మడమ పొడిస్తే నడవమని, పగ్గం గుంజితే ఆగమని. రెండూ ఒకేసారి చెబితే ఆ మూగజీవి ఏం చెయ్యాలి? గౌరి పక్కకి జరిగింది, వెనక్కి జరిగింది, తోక విసిరింది. చెవులు రెండూ వెనక్కి పడిపోయాయి, కంట్లో తెల్లగుడ్డు కనిపించింది. చుట్టూ ఉన్నవాళ్ళు "కొట్టు, ఒక్కటెయ్" అని అరుస్తున్నారు.

నేను దాని భుజానికి ఆనుకుని నిలబడ్డాను. మెడ వీపుతో కలిసే చోట, జూలు కింద, అరచేయి పెట్టి నెమ్మదిగా నిమిరాను. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్ళతో గోక్కునేది అక్కడే. అక్కడ నిమిరితే వాటి గుండె వేగం తగ్గుతుందని పరీక్షించి చూసినవాళ్ళున్నారు. పైనున్న అబ్బాయితో "బావూ, పగ్గం ఒగ్గీ. కాళ్ళు వేలాడనీ" అన్నాను. "పడిపోతానన్నా!" అన్నాడు. "పడవు, నేనున్నాను. ఇంతకీ అమ్మాయిది ఏ ఊరు?" అనడిగాను. బొబ్బిలి అన్నాడు. ఏం చదువుకుంది, మీరెక్కడ కాపురం పెడతారు అని ఒకదాని మీద ఒకటి అడుగుతూనే ఉన్నాను. మాట్లాడుతున్నవాడు ఊపిరి బిగబట్టలేడు. అతని తొడలు వదులయ్యాయి. గౌరి తల కిందికి దించింది, పెదాలు నాక్కుంది, ముక్కుతో బుస్సుమని పెద్ద ఊపిరి వదిలింది. అప్పుడు "పద తల్లీ" అన్నాను. నడిచింది. మూడు లాంతర్ల దగ్గర అమ్మవారి గుడి ముందు ఆగి, అతను గుర్రం మీంచే దండం పెట్టుకున్నాడు.

ఆ రోజు దాన్ని కొట్టి ఉంటే ఏమయ్యేదో ఆ అరిచినవాళ్ళకి తెలియదు. 2016లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు గుర్రాలకి మనుషుల ఫొటోలు చూపించారు. కోపంగా ఉన్న ముఖం చూసినప్పుడు వాటి గుండె వేగం త్వరగా పెరిగిందట. ఫొటోకే అలా ఉంటే పక్కన నిలబడి అరిచే మనిషికి ఎలా ఉంటుంది? మా తాత ఇంట్లో ఎవరితోనైనా గొడవపడితే ఆ పూట తను గుర్రం దగ్గరికి వెళ్ళేవాడు కాదు, ఉలవలు మా నాయనమ్మ చేత పెట్టించేవాడు.

ఇంకో బాధ చెప్పాలి. కొందరు గుర్రం మాట వినాలని ముళ్ళున్న కళ్ళెం వేస్తారు. బరువులు లాగే, మోసే జంతువుల కోసం 1965లో వచ్చిన నిబంధనల్లోనే దాన్ని నిషేధించారు, అయినా వేస్తూనే ఉన్నారు. నాలుక కోసుకుపోయి నెత్తురు కారుతున్న గుర్రం మీద పెళ్ళికొడుకుని కూర్చోబెట్టి, పైన పూలు చల్లుతారు. మనం రథసప్తమికి అరసవల్లి వెళ్ళి ఏడు గుర్రాల సూర్యదేవుడికి మొక్కేవాళ్ళం కదా! పెళ్ళికి గుర్రాన్ని బాడుగకి మాట్లాడుకునేటప్పుడు దాని నోరు తెరిపించి చూడండి. ముళ్ళు కనిపిస్తే ఆ గుర్రం వద్దనండి.

సెల్ఫీ కోసం వెనక నుంచి వచ్చి తోక దగ్గర నిలబడేవాళ్ళకి కూడా చెబుతున్నాను. గుర్రం కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి, దాదాపు చుట్టూ చూస్తుంది. సరిగ్గా తోక వెనకాల, నుదుటి ముందు మాత్రం దానికి కనపడదు. కనపడనిచోట ఏదో కదిలితే తంతుంది, అది దాని తప్పు కాదు. భుజం వైపు నుంచి, మాట్లాడుతూ రండి.

ఎన్నాళ్ళు పడుతుందన్నారు. ఇన్ని వారాల్లో నేర్పిస్తామని డబ్బు గుంజేవాళ్ళని నమ్మకండి. రోజూ అదే మనిషి అదే వేళకి దాణా పెట్టాలి, ఒళ్ళు రుద్దాలి, డెక్కల్లో ఇరుక్కున్న రాళ్ళు తియ్యాలి. ఇవన్నీ మీరే చేస్తే మాట దానంతటదే కలుస్తుంది. పనివాడికి ఒగ్గేసి ఆదివారం వచ్చి ఎక్కుతానంటే ఎన్నేళ్ళయినా కలవదు.

పెళ్ళికి గుర్రం మాట్లాడుకునే పెద్దలకి ఒక మనవి. ముందు రోజు సాయంత్రం పెళ్ళికొడుకుని ఒక్క పావుగంట గుర్రం దగ్గరికి పంపండి. తన చేత్తో గుప్పెడు ఉలవలు పెట్టించి, ఎక్కించి, కాళ్ళు ఎలా వదులుగా పెట్టుకోవాలో చూపిస్తాం. దానికి డబ్బులేమీ అక్కర్లేదు.