లోతుకి వెళ్తే మళ్లీ ఇసుకా?

ప్రశ్న: మా మావయ్య భీమిలి నుంచి బోటు మీద వేటకి వెళ్తాడు. తీరం దాటాక కొంతదూరం అడుగున బురదేనట. ఇంకా లోపలికి, 45 బారల (దాదాపు 80 మీటర్ల) లోతు దగ్గర మళ్లీ ఇసుకా గుల్లలూ వలకి తగులుతాయంటాడు. లోతుకి వెళ్లేకొద్దీ మట్టి మెత్తబడాలని మా పుస్తకంలో ఉంది. ఎవరిది తప్పు?
– డిగ్రీ విద్యార్థి, భీమునిపట్నం

జవాబు: మావయ్యగారిది కాదు. ఒకప్పుడు నేనూ పుస్తకాన్నే నమ్మాను. విశాఖలో జియాలజీ చదివే రోజుల్లో సముద్రం అడుగు నుంచి తీసిన మట్టి సంచుల్ని లోతు ప్రకారం బల్లమీద పేర్చమన్నారు. 50 మీటర్ల సంచిలో జిగట బురద, 80 మీటర్ల సంచిలో గరుకు ఇసుక! చీటీలు తారుమారయ్యాయనుకుని మార్చేశాను. మాస్టారు ఏమీ అనకుండా చిటికెడు ఇసుక లెన్స్ కింద పెట్టి చూడమన్నారు. గసగసాల్లాంటి గుండ్రటి సున్నపు గింజలు. వీటిని ఊయిడ్లంటారు. విరిస్తే లోపల ఉల్లిపాయలా పొరలు. లోతులేని వెచ్చటి నీళ్లలో, అలలకి దొర్లుతూ పెరిగేవి ఇవి. 80 మీటర్ల అడుగున పుట్టే అవకాశం లేదు. నోరు మూసుకుని చీటీలు మళ్లీ మార్చాను.

సుమారు 20 వేల ఏళ్ల కిందట బోలెడు నీరు మంచుపలకలుగా గడ్డకట్టి ఉండేది. సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందుండేది. మావయ్యగారు వల వేసే చోటు అప్పుడు ఆరుబయలు నేల. తర్వాత దాని మీదికి నీరు చేరిన కొత్తలో, లోతు తక్కువగా ఉన్నప్పుడే ఆ ఊయిడ్లు పుట్టాయి. మంచు కరగడం కూడా నిదానంగా, ఒకే తీరుగా సాగలేదు. 14,500 ఏళ్ల కిందట ఒక దశలో 500 ఏళ్లలోపే నీరు దాదాపు 15 మీటర్లు లేచింది. అలా ముందుకొస్తూ అలలు పాత నేలని గీకేసి, గుల్లల్నీ గరుకు ఇసుకనీ పలచటి పొరగా వదిలేశాయి. నదులు తెచ్చిన ఒండ్రుమట్టేమో మునిగిపోయిన నదీముఖాల్లోనే చిక్కుకుపోయింది. బయటి ఇసుకని కప్పేవాళ్లే లేకపోయారు.

7 వేల ఏళ్ల కిందట నీటిమట్టం పెరిగే జోరు తగ్గాక నదులది పైచేయి అయింది. కొల్లేరు దాకా ఉన్న సముద్రాన్ని గోదావరి, కృష్ణ డెల్టాలు వెనక్కి నెట్టాయి. తీరానికి దగ్గర్లో మీవాళ్లు చూసే బురద ఆ తర్వాత పేరుకున్నదే. బయటి ఇసుక దాకా అది పెద్దగా చేరలేదు.

ఈసారి గుప్పెడు ఇసుక తెమ్మనండి. వెనిగర్ పోస్తే ఊయిడ్లతోపాటు గుల్ల ముక్కలూ పొంగుతాయి కాబట్టి ఏవి ఊయిడ్లో దాంతో తేలదు. లెన్స్‌తోనే వెతకండి.