పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ బాగానే నడుస్తుంది, దాని మీద రాయడమే తగ్గించాలి

2 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్, హార్డ్‌డిస్క్ పోయింది, 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు (విండోస్ బదులు వాడే ఒక లైనక్స్) ఇన్‌స్టాల్ చేస్తే ప్రతి క్లిక్‌కీ ఆగిపోతోంది, ఇంకా ఖరీదైన పెన్‌డ్రైవ్ కొనాలా అని ఒకరు అడిగారు. అక్కర్లేదు, తప్పు పెన్‌డ్రైవ్‌ది కాదు. ఉబుంటు బదులు పప్పీ లైనక్స్ వేసుకుంటే చాలు.

పెద్ద ఫైలును వరసగా చదవమంటే మామూలు పెన్‌డ్రైవ్ కూడా బాగానే చదువుతుంది. చిన్నచిన్న ముక్కలు అక్కడక్కడా రాయమంటేనే చతికిలపడుతుంది. నాలుగు కిలోబైట్లు మార్చాలన్నా ఫ్లాష్‌లో చాలా పెద్ద బ్లాకును చెరిపి తిరగరాయాల్సి రావచ్చు. పూర్తిగా ఇన్‌స్టాల్ చేసిన ఉబుంటు లాగ్‌లనీ (సిస్టమ్ రాసుకునే చిట్టాలు), బ్రౌజర్ క్యాష్ అనీ (చూసిన పేజీల కాపీలు), స్వాప్ అనీ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటు) తీరిక లేకుండా రాస్తూనే ఉంటుంది. ఇంక ఆగిపోక ఏం చేస్తుంది?

పప్పీ లైనక్స్ పద్ధతి వేరు. 2003లో ఆస్ట్రేలియాలో బ్యారీ కౌలర్ మొదలుపెట్టిన ఈ సిస్టమ్ మొత్తం కుదించిన కొద్ది ఫైళ్లలోనే ఉంటుంది. బూట్ అయ్యేటప్పుడు ఆ ఫైళ్లను ఒక్కసారి ర్యామ్‌లోకి ఎత్తుకుంటుంది, ఆ తర్వాత పని మొత్తం అక్కడే. పప్పీలో ఒక వెర్షన్ అయిన ఫోసాపప్ 9.5 ఐఎస్ఓ (డౌన్‌లోడ్ చేసుకునే ఫైలు) 400 ఎంబీ చిల్లర. యూఎస్‌బీ 2.0 పోర్టులో సెకనుకు 25 ఎంబీ వచ్చినా పావు నిమిషం, ఇరవై సెకన్లలో లోడవుతుంది. డెబియన్ 12 అనే ఇంకో లైనక్స్ మీద కట్టిన బుక్‌వర్మ్‌పప్ అనే వెర్షన్ ఇంకాస్త బరువు, కానీ సాఫ్ట్‌వేర్ కొత్తది. ప్రాసెసర్ 64 బిట్‌దో కాదో ముందు చూసుకోండి. 32 బిట్ లైనక్స్‌కి క్రోమ్ 2016లోనే ఆగిపోయింది.

పెన్‌డ్రైవ్ తయారీకి విండోస్‌లో రూఫస్ అనే ప్రోగ్రామ్ వాడండి. అది ఐఎస్ఓ మోడా, డీడీ మోడా అని అడిగితే ఐఎస్ఓ మోడే ఎంచుకోండి. డీడీ మోడ్‌లో రాస్తే ఆ భాగం చదవడానికే పనికొస్తుంది, మీ సెట్టింగులు దాచుకోవడానికి చోటు ఉండదు. పాత బయోస్ (కంప్యూటర్‌ని మొదట లేపే ప్రోగ్రామ్) ఉన్న మెషీన్ అయితే రూఫస్‌లో పార్టిషన్ పద్ధతి ఎంబీఆర్, ఫైల్ సిస్టమ్ ఫ్యాట్32 ఎంచుకోండి. పోయిన హార్డ్‌డిస్క్‌ని స్క్రూలు విప్పి బయటికి తీసేయండి. పప్పీ తన ఫైళ్ల కోసం అన్ని డిస్కులనూ వెతుకుతుంది. చచ్చిన డిస్క్ దగ్గర జవాబు రాక నిమిషాలు గడిచిపోతాయి, మీరేమో పెన్‌డ్రైవ్ పాడైందనుకుంటారు.

అసలు కథ మొదటిసారి షట్‌డౌన్ చేసేటప్పుడు మొదలవుతుంది. సెషన్‌ని ఎక్కడ దాచాలి, ఎంత సైజులో దాచాలి అని అడుగుతుంది. చాలామంది కనిపించిన మొదటి బటన్ నొక్కేసి 512 ఎంబీ సేవ్‌ఫైల్ (మీ సెట్టింగులు, ఫైళ్లు దాచే ఫైలు) చేసుకుంటారు. బ్రౌజర్ క్యాష్ కొద్దిరోజుల్లోనే దాన్ని నింపేస్తుంది. ఆ తర్వాత సెట్టింగులు నిలవవు, బ్రౌజర్ తెరుచుకోదు, పప్పీ పనికిరాదని తీర్పు. కనీసం 2 జీబీ ఇవ్వండి. ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీ దాటదు కాబట్టి అంతకు మించి ఎలాగూ ఇవ్వలేరు. ఫైర్‌ఫాక్స్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో డిస్క్ క్యాష్ ఆపేయండి, క్యాష్ ర్యామ్‌లోనే ఉంటుంది.

పెన్‌డ్రైవ్ నుంచి నడిచేటప్పుడు పప్పీ మార్పులన్నీ ర్యామ్‌లో పెట్టుకుని, మామూలుగా అరగంటకోసారి పెన్‌డ్రైవ్‌లోకి దించుతుంది. మధ్యలో మౌస్ బిగుసుకుపోయేది అప్పుడే. పప్పీ మెనూలోని ఈవెంట్ మేనేజర్‌లో ఆ వ్యవధిని సున్నా చేయండి. కావాలనుకున్నప్పుడు డెస్క్‌టాప్ మీది సేవ్ గుర్తు నొక్కితే సరిపోతుంది. కరెంటు పోతే బ్యాటరీ నిలవని ల్యాప్‌టాప్ అయితే మాత్రం పని మధ్యలో అది నొక్కుతూ ఉండాలి. సేవ్ అవుతుండగా పెన్‌డ్రైవ్ లాగేస్తే సేవ్‌ఫైల్ పాడవుతుంది. అప్పుడు సేవ్‌ఫైల్ లేకుండా ర్యామ్‌లోనే బూట్ చేసి, నెలకోసారి వేరేచోట దాచుకున్న కాపీని తెచ్చి పెట్టుకోవాలి. ఆ కాపీ లేకపోతే అన్నీ మొదటినుంచే.

కొందరు జీపార్టెడ్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌ని రెండు భాగాలు చేసి, రెండోదాన్ని లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ చేసి, సేవ్‌ఫైల్ బదులు సేవ్‌ఫోల్డర్ పెట్టమంటారు. సైజు గొడవ ఉండదు, నిజమే. కానీ ఆ పెన్‌డ్రైవ్‌తోనే ప్రింట్ తీయించుకోవడానికి జిరాక్స్ షాపుకి వెళ్తే? అక్కడి విండోస్‌కి ఈఎక్స్‌టీ4 అర్థం కాదు. ఈ డిస్క్‌ని ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని అడుగుతుంది. వెనక పదిమంది నిలబడి ఉంటే షాపతను ఆలోచించడు, ఎంటర్ కొట్టేస్తాడు. మీ డాక్యుమెంట్లు, పాస్‌వర్డులు, సెట్టింగులు అక్కడితో సరి. పైగా ఆ షాపుల్లో ఫోల్డర్లను దాచేసి షార్ట్‌కట్లు పెట్టే వైరస్ ఉచితం. బూట్ పెన్‌డ్రైవ్ ఇంట్లోంచి కదలకూడదు, ప్రింట్లకి వేరేది పెట్టుకోండి.

ఇదే పెన్‌డ్రైవ్‌ని విండోస్ 11 ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌కి పెట్టాలనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టమ్‌లనే బూట్ కానిచ్చే బయోస్ సెట్టింగ్) ఆపేయండి అని వీడియోల్లో ఒక్క ముక్కలో చెప్పేస్తారు. డిస్క్‌కి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, సెక్యూర్ బూట్ ఆపిన తర్వాత విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ ముందే కాగితం మీద రాసుకుని, తర్వాతే బయోస్‌లోకి వెళ్లండి.

పప్పీలో తెలుగు పేజీలు గళ్లుగళ్లుగా కనిపిస్తే నోటో సాన్స్ తెలుగు ఫాంట్ దించి సిస్టమ్ ఫాంట్ల ఫోల్డర్‌లో పెట్టి బ్రౌజర్ మూసి తెరవండి. బ్రాడ్‌కామ్ కంపెనీ పాత వైఫై కార్డు పనిచేయకపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి, ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి నెట్ తెచ్చుకుని, డ్రైవర్ సంగతి తర్వాత చూడొచ్చు.

2 జీబీ ర్యామ్‌లో నాలుగైదు ట్యాబ్‌లు, 480పీ వీడియో వరకు పర్వాలేదు. అంతకుమించి కావాలంటే, పెన్‌డ్రైవ్‌కి పెట్టాలనుకున్న డబ్బుతో సెకండ్‌హ్యాండ్ 2 జీబీ ర్యామ్ స్టిక్ ఒకటి వేయించండి. మీ ర్యామ్ రకం డీడీఆర్2నో డీడీఆర్3నో పాత స్టిక్ మీదున్న స్టిక్కర్ చూసి మరీ కొనండి, ఒకదాని స్లాటులో ఇంకోటి పట్టదు.