సంక్రాంతికి పిల్లలతో, అమ్మతో వైజాగ్ వస్తున్నాం: బీచ్ పక్కన, ఎర్రమట్టి దిబ్బల్లో నడవడానికి ఎక్కడ బావుంటుంది?

నాలుగేళ్ల బాబు, తొమ్మిదేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న అమ్మ, మూడు రోజులు, ఆర్కే బీచ్‌లో నిలబడి ఫోటోలు దిగి వచ్చేయడం కాకుండా కాస్త నడవాలి అన్నారు కదా. అచ్చం మా ఇంటి లెక్కే అండీ, అమ్మ బదులు మా అత్తగారు, అంతే తేడా. మేం మధురవాడలో పదకొండేళ్లుగా ఉంటున్నాం, వైజాగ్ నుంచి భీమిలి దాకా ఉన్న ఒడ్డంతా ముక్కలు ముక్కలుగా నడిచాం, కొన్నిచోట్ల బుద్ధి కూడా తెచ్చుకున్నాం.

ముందు ఒక మాట. పిల్లలతో ఇసుకలో నడిచేటప్పుడు ఎంత దూరం వెళ్లాం అన్నది కాదు, ఎక్కడ వెనక్కి తిరగాలి అన్నదే లెక్క. వెళ్లేటప్పుడు గవ్వలు ఏరుకుంటూ వాళ్లే ముందు పరిగెడతారు, వచ్చేటప్పుడు సంకెక్కుతారు. నాలుగేళ్ల వాడు బరువే, పొడి ఇసుకలో వాణ్ణి మోస్తూ అర కిలోమీటరు నడిస్తే మన నడుం సంగతి మనకి తెలుస్తుంది. అందుకని మేం గడియారం చూసుకుంటాం. ఇరవై నిమిషాలు ముందుకి, పిల్లలు ఎంత హుషారుగా ఉన్నా సరే వెనక్కి. నడిచేది కూడా కెరటం వచ్చి తడిపి వెళ్లిన గట్టి ఇసుక మీదే.

ఇక దిబ్బల సంగతి. మీరు అడిగినవాటిలో మొదటి ఓటు దానికే, కానీ మా మొదటిసారి అనుభవం చెప్తే మీకు పనికొస్తుంది. ఏప్రిల్‌లో, పొద్దున్న పదింటికి, ఒక్క లీటరు నీళ్ల సీసాతో వెళ్లాం (ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది). భీమిలి వెళ్లే రోడ్డులో ఐఎన్‌ఎస్ కళింగ (నౌకాదళ స్థావరం) దగ్గర దిగి లోపలికి నడిస్తే, వాన నీళ్లు కోసేసిన లోతైన సందులు, రెండు పక్కలా ఎర్రటి గోడలు, పిల్లలకి కోటలోకి వచ్చినట్టే. ఒక సందులోంచి ఇంకో సందు, అందులోంచి ఇంకోటి, అన్నీ ఒకేలా ఉంటాయి. ఎక్కడా చెప్పుకోదగ్గ నీడ లేదు. అరగంట తర్వాత నేల మీద మా చెప్పుల గుర్తులే మాకు ఎదురొచ్చాయి! నీళ్లు అయిపోయాయి, బాబు ఏడుపు, ఫోన్‌లో మ్యాప్ తీస్తే అందులో ఏ దారీ లేదు. మేకలు తోలుకొస్తున్న ఒక పెద్దావిడ చూసి నవ్వి "ఏ గెడ్డైనా పట్టుకుని దిగువకి పోండమ్మా, ఆకరికి సముద్రం కాడికే పోతాది" అంది. గెడ్డ అంటే మా వైపు వాగు. అలాగే దిగాం, సముద్రం చప్పుడు వినబడ్డాక గానీ నాకు ఊపిరి ఆడలేదు.

ఆ తర్వాత నాలుగైదుసార్లు వెళ్లాం, హాయిగా తిరిగొచ్చాం. మీరు వచ్చేది జనవరిలో కాబట్టి ఎండ బాధ తక్కువ, అయినా పొద్దున్న ఏడింటికల్లా అక్కడుంటే మంచిది. మనిషికో సీసా నీళ్లు. ఒక్కటే సందు పట్టుకోండి, వెళ్లిన దారినే వెనక్కి రండి, అమ్మాయికి మలుపులు లెక్కపెట్టే పని ఇవ్వండి, దారి తప్పరు, దానికీ ఆట. తెల్ల బట్టలు వద్దు, ఆ ఎరుపు ఉతికినా ఓ పట్టాన వదలదు. ముఖ్యంగా గోడలెక్కి జారడం, పేర్లు చెక్కడం చేయనివ్వకండి. చూడ్డానికి రాయిలా ఉంటుంది కానీ అది గట్టిపడిన ఇసుకే, గోళ్లతో గీరితే రాలుతుంది, కింద పిల్లలుంటే పెళ్ల విరిగి మీద పడొచ్చు కూడా.

ఆ మట్టి అంత ఎర్రగా ఎందుకుందని మీ పాప తప్పకుండా అడుగుతుంది. ఇసుక రేణువుల మీద ఇనుము తుప్పు లాంటి పొర పట్టి ఉంటుందని చెప్పండి. పదివేల ఏళ్ల పైమాటే, మంచుయుగంలో సముద్రం వెనక్కి జరిగినప్పుడు బయటపడ్డ ఇసుకని గాలి మోసుకొచ్చి ఇక్కడ పోసింది, తర్వాత వానలు కోశాయి. 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. ఇలాంటి ఎర్ర ఇసుక తమిళనాడులోనూ, శ్రీలంకలోనూ ఉంది. మా పాప ఇదంతా విని, మరి సముద్రం మళ్లీ ఎప్పుడు వెనక్కి వెళ్తుంది అని అడిగింది, మా ఆయన ఇప్పటికీ జవాబు వెతుకుతున్నారు.

అమ్మగారిని దిబ్బల్లోకి తీసుకెళ్లొద్దు, మోకాళ్లకి ఆ ఎగుడుదిగుడు అసలు పడదు. ఆవిడకి తొట్లకొండ. అదే భీమిలి రోడ్డులో, కారు కొండ పైదాకా వెళ్తుంది, పైన పాత బౌద్ధ విహారం పునాదులు, స్తూపం, రాతిలో తొలిచిన నీటి తొట్లు (పేరు వాటివల్లే), ఓ చోట కూర్చుంటే కింద సముద్రమంతా కనిపిస్తుంది. మా అత్తగారు అక్కడ కూర్చుని జీడిపప్పు తింటూ గంటసేపు ఎవరినీ పిలవలేదు, అది మా ఇంట్లో రికార్డు.

ఒడ్డున నడకకి నాకు సాగర్‌నగర్, జోడుగుళ్లపాలెం వైపు ఇష్టం. జనం తక్కువ, పొద్దున్నే జాలర్లు అలివి వల (ఒడ్డు నుంచి తాళ్లతో లాగే పెద్ద వల) లాగుతుంటారు, అడిగితే పిల్లల్ని కూడా తాడు పట్టుకోనిస్తారు. పొడి ఇసుక మీద రావణాసురుడి మీసాలు అనే ముళ్ల బంతుల్లాంటివి గాలికి దొర్లుతూ పోతాయి, వాటి వెంట పరిగెత్తడమే పిల్లలకి సగం నడక. ముళ్లు గుచ్చుకుంటాయి, చెప్పులు విప్పనివ్వకండి, గాజు పెంకులు కూడా ఉంటాయి. జనవరి నుంచి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వచ్చే కాలం. అటవీశాఖ వాళ్లు కంచె కట్టి గుడ్లని కాపాడే చోట్లు ఆ దగ్గర్లోనే ఉంటాయి, బయటినుంచి చూడొచ్చు. ఒక్కోసారి చచ్చిపోయిన తాబేలు కొట్టుకొచ్చి పడి ఉంటుంది, పిల్లలకి ముందే చెప్పి ఉంచండి. మేం చెప్పలేదు, రెండు రాత్రులు నిద్ర లేదు.

మంగమారిపేట దగ్గర రాతి తోరణం ఫోటోలు మీరు చూసే ఉంటారు. అందంగానే ఉంటుంది, కానీ పాచి పట్టిన రాళ్ల మీద నడవాలి, పోటు మీద ఉన్నప్పుడు నీళ్లు చుట్టుముడతాయి. నాలుగేళ్ల వాడితో వద్దు, పై నుంచి చూసి వచ్చేయండి.

భీమిలి ఒక పూటకి సరిపోతుంది, పాత లైట్‌హౌస్, డచ్చివాళ్ల సమాధులు, గోస్తని సముద్రంలో కలిసే చోటు. ఆ కలిసే చోట మాత్రం నీళ్లలో కాలు కూడా పెట్టనివ్వకండి, పైకి ప్రశాంతంగా ఉంటుంది గానీ లోపల లాగుతుంది. ఆ మాటకొస్తే మా సముద్రం ఎక్కడైనా అంతే, ఒడ్డు నుంచి కొద్ది దూరంలోనే లోతు వచ్చేస్తుంది, ఆర్కే బీచ్‌లో ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. మా ఇంట్లో రూలు ఒక్కటే, పాదాలు తడవచ్చు, మోకాలు తడవకూడదు, చెయ్యి వదలకూడదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్లు ఇంకాస్త పైదాకా వస్తాయి, బ్యాగులు దూరంగా పెట్టుకోండి.

సాయంత్రం నడకలు పెట్టుకుంటే తొందరగా ముగించండి. సంక్రాంతి రోజుల్లో ఐదు ముప్పావుకల్లా సూర్యుడు కొండల వెనక్కి దిగిపోతాడు, బీచ్‌లో చీకటి టక్కున పడుతుంది. ఆర్కే బీచ్‌ని మాత్రం సాయంత్రానికి ఉంచుకోండి, ఫుట్‌పాత్ సాపుగా ఉంటుంది, అమ్మగారు కూడా మెల్లగా నడవగలరు, కూర్చోడానికి గట్టు ఉంది, కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం పక్కనే ఉంది, బాబుకి మురీ మిక్చర్ (మరమరాల మిక్చర్) కారం లేకుండా కలపమని చెప్పండి.

ఇంకోటి, రోజులు ఎంచుకునేటప్పుడు కనుమ వదిలేయండి. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు గానీ, మా ఊళ్లో ఆ రోజు ఊరు ఊరంతా భీమిలి రోడ్డు మీదే ఉంటుంది. పోయినేడాది అరగంట దారికి మూడు గంటలు పట్టింది, బాబుకి మధ్యలో అర్జంటు కూడా. ఆ పూటకి ఇంట్లో గారెలు వేసుకోండి.