చిట్టెలుకలో మనిషి రక్తం: మీ ప్రశ్నలు, నా జవాబులు

మనిషి రక్తకణాలను ఒంట్లో మోసే చిట్టెలుకల గురించి గత సంచికలో నాలుగు మాటలు రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు వాటి మీదే. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఈ ఎలుకల గదిలోనే గడిచింది. అందుకే ఈసారి పేజీ మొత్తం వాటికే ఇస్తున్నాను.

వేరొకరి మూత్రపిండం పెడితేనే మన ఒళ్లు తిప్పికొడుతుంది కదా. మరి ఎలుక ఒంట్లో మనిషి కణాలు ఎలా బతుకుతాయి? – ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయుడు

సరైన చోట పట్టుకున్నారు మాస్టారూ. మామూలు ఎలుకలో అవి బతకవు. తిప్పికొట్టే శక్తి పుట్టుకతోనే లేని ఎలుక కావాలి. అలాంటిది 1983లో ఫిలడెల్ఫియాలోని ఫాక్స్ చేజ్ కేన్సర్ సెంటర్‌లో మెల్విన్ బోస్మా బృందానికి కనబడింది. కొన్ని ఎలుకల రక్తంలో యాంటీబాడీలు దాదాపు లేవు. ఎందుకని చూస్తే, ఒక జన్యువు దెబ్బతినడం వల్ల వాటిలో టి కణాలు, బి కణాలు (పరాయివాటిని గుర్తుపట్టి ఎదుర్కొనే తెల్లకణాలు) తయారవడం లేదని తేలింది. వాటికి స్కిడ్ ఎలుకలని పేరు వచ్చింది. 1988లో అమెరికాలో రెండు బృందాలు దేనికది విడిగా, మనిషి రోగనిరోధక కణాలను ఈ ఎలుకల్లోకి ఎక్కించి చూపించాయి.

అయితే ఆ కణాలు పెద్దగా నిలదొక్కుకోలేదు. టి, బి కణాలు లేకపోయినా స్కిడ్ ఎలుకలో పరాయి కణాలను చంపే నేచురల్ కిల్లర్ కణాలు మిగిలే ఉన్నాయి. వాటినీ లేకుండా చేయడానికి ఐఎల్-2 అనే సందేశ ప్రొటీన్‌ను అందుకునే గ్రాహకంలో గామా గొలుసు అనే ముక్కకు సంబంధించిన జన్యువును పనిచేయకుండా చేశారు. ఆరు రకాల సైటోకైన్లు (కణాల మధ్య సందేశాలు మోసే ప్రొటీన్లు) కణానికి సందేశం అందించాలంటే ఆ ముక్క ఉండి తీరాలి. అలా జపాన్‌లో తయారైన ఎన్ఓజీ ఎలుకల వివరాలు 2002లోనూ, అమెరికాలోని జాక్సన్ లేబొరేటరీ ఎన్ఎస్‌జీ ఎలుకల వివరాలు 2005లోనూ వెలువడ్డాయి. ఇవాళ్టికీ ప్రయోగశాలల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే.

ఇందులో ఎవరూ అనుకోకుండా కలిసొచ్చిన సంగతి ఒకటుంది. ఈ రెండింటికీ మూలం నాడ్ అనే జాతి. మధుమేహం మీద పరిశోధనలో వాడుతూ వచ్చిన జాతి అది. ఆ ఎలుకల్లో పరాయి కణాలను మింగేసే మాక్రోఫేజ్‌ల మీద ఉండే సర్ప్-ఆల్ఫా అనే ప్రొటీన్, మనిషి కణాల మీది సీడీ47 అనే ప్రొటీన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకుంటే మాక్రోఫేజ్‌కు 'దీన్ని తినకు' అన్న సంకేతం అందుతుంది. ఇతర జాతుల్లో ఈ పట్టు అంత గట్టిగా ఉండదు. నాడ్ ఎలుకలో మనిషి కణాలు ఎందుకు బాగా నిలుస్తున్నాయో 2007లో టొరంటో శాస్త్రవేత్తలు ఇలా తేల్చారు. ఎన్నేళ్లయినా నాకు ఈ సంగతి అద్భుతంగానే అనిపిస్తుంది.

ఇక పద్ధతి. ప్రసవం తర్వాత బొడ్డుతాడులో మిగిలే రక్తం నుంచి, తల్లి అనుమతితో, పైపొర మీద సీడీ34 అనే గుర్తు ప్రొటీన్ ఉన్న మూలకణాలను వేరుచేస్తాం. ఎలుకకు ముందుగా ప్రాణాపాయం లేనంత మోతాదులో రేడియేషన్ ఇస్తాం. పాత పైరు తీస్తేనే కదా కొత్త నారుకు చోటు దొరికేది! తర్వాత తోక నరంలోకి కణాలను ఎక్కిస్తాం. అప్పుడే పుట్టిన పిల్లలైతే కాలేయంలోకి. అవి వాటంతటవే వెతుక్కుంటూ వెళ్లి ఎముక మజ్జలో కుదురుకుంటాయి.

ఆ తర్వాత చేయగలిగింది ఎదురుచూడటమే. బి కణాలు ముందు కనిపిస్తాయి, టి కణాలు ఆలస్యంగా వస్తాయి. దాదాపు 12 వారాలకు రెండు మూడు చుక్కల రక్తం తీసి, కణాలను వాటి గుర్తులను బట్టి లెక్కించే ఫ్లో సైటోమీటర్ అనే యంత్రంలో చూస్తాం. ఎలుక ఒంట్లో ఉండే రక్తమంతా కలిపినా రెండు మిల్లీలీటర్లు దాటదు. అందుకే ప్రతి చుక్కా లెక్కే. మనిషి తెల్లకణాల గుర్తు సీడీ45 ఉన్న కణాలు తెరమీద ఒక పక్కన గుంపుగా చేరితే, ఎలుక కణాలు ఇంకో పక్కన చేరతాయి. మనిషివి నాలుగో వంతు దాటితే మా గదిలో అందరి ముఖాలూ వెలిగిపోయేవి.

పెద్దవాళ్ల రక్తం నుంచి తెల్లకణాలు తీసి నేరుగా ఎక్కిస్తే సరిపోదా? అన్ని వారాలు ఆగడం ఎందుకు? – డిగ్రీ విద్యార్థిని

ఎక్కిస్తారమ్మా. ఫలితం త్వరగా కావాలంటే అదే దారి. కానీ ఆ టి కణాలు పూర్తిగా ఎదిగినవి. వాటి కంటికి ఎలుక శరీరమంతా పరాయిదే. కొన్ని వారాల్లో దాని చర్మం మీద, కాలేయం మీద, ఊపిరితిత్తుల మీద దాడికి దిగుతాయి. ఎలుక బరువు తగ్గి, వెన్ను వంచుకుని, వెంట్రుకలు రేగి కనిపిస్తుంది. ఆ లక్షణాలు మొదలైన ఎలుకను చివరిదాకా బాధపడనివ్వకూడదు. ఎంత బరువు తగ్గితే ప్రయోగం ఆపి దానికి నొప్పి లేని మరణం ఇవ్వాలో మొదటి రోజే కాగితం మీద రాసుకోవాలి. నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి ఒక్కరికీ పిపెట్ పట్టుకోవడం కన్నా ముందు ఇది చెప్పేదాన్ని.

ఇంత తంటా దేనికి? మామూలు ఎలుకల మీద, కోతుల మీద మందులు పరీక్షిస్తూనే ఉన్నారుగా? – ఒక మెడికల్ రిప్రజెంటేటివ్

2006 మార్చిలో లండన్‌లో జరిగింది చెబుతాను. టీజీఎన్1412 అనే యాంటీబాడీ మందును మొదటిసారిగా ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులకు ఇచ్చారు. కోతుల్లో ఏ ప్రమాదమూ కనిపించలేదు. వీళ్లకు ఇచ్చింది కోతులకు ఇచ్చిన దానిలో అతి స్వల్ప భాగం. అయినా గంటల్లోనే ఆరుగురికీ సైటోకైన్ల ఉప్పెన వచ్చి, అవయవాలు దెబ్బతిని ఇంటెన్సివ్ కేర్‌కు చేరారు. ప్రాణాలు దక్కాయి గానీ అందరూ మునుపటిలా కోలుకోలేదు. ఆ మందు పట్టుకునే సీడీ28 గుర్తు మనిషిలోని ఒక రకం జ్ఞాపక టి కణాల మీద ఉంటుంది. ఆ కోతి జాతిలో అదే రకం కణాల మీద ఉండదు. ఇది తర్వాత తెలిసింది. 2016లో మనిషి రోగనిరోధక కణాలున్న ఎలుకలకు ఇదే మందు ఇచ్చి చూస్తే సైటోకైన్ల విడుదల కనబడింది.

హెచ్ఐవీ సంగతీ అంతే. అది కణంలోకి చొరబడటానికి మనిషి టి కణాల మీది సీడీ4 అనే గ్రాహకం, దానికి తోడు సీసీఆర్5 లాంటి మరో గ్రాహకం కావాలి. ఎలుకవి దానికి పనికిరావు. మనిషి కణాలున్న ఎలుకలో మాత్రం వైరస్ పెరుగుతుంది, రోగుల్లో లాగే సీడీ4 కణాలు తగ్గుతాయి.

అయితే ఈ ఎలుకను చిన్న సైజు మనిషి అనుకుంటే మోసపోతాం. టి కణాలు ఎలుక థైమస్‌లో (టి కణాలు ఎదిగే గ్రంథి) పెరుగుతాయి కాబట్టి పరాయి వాతావరణంలో తర్ఫీదు పొందినట్టే. లింఫ్ గ్రంథులు సరిగా ఏర్పడవు. టీకా వేస్తే మేలైన ఐజీజీ రకం యాంటీబాడీలు అరుదుగా వస్తాయి. 'ఎలుకలో టీకా పనిచేయలేదు కాబట్టి మనిషిలోనూ చేయదు' అని ఎవరైనా రాస్తే నేను ఒప్పుకోను. అది ఈ ఎలుకను అడగాల్సిన ప్రశ్నే కాదు.

ఎర్ర రక్తకణాలు కూడా మనిషివే ఉంటాయా? – అదే విద్యార్థిని

ఎన్ఎస్‌జీ రక్తంలో దాదాపు ఉండవు. మజ్జలో మొదలవుతాయి గానీ, బయటికి రాగానే ఎలుక మాక్రోఫేజ్‌లు, ముఖ్యంగా కాలేయంలోవి, తినేస్తాయి. 2021లో యేల్ శాస్త్రవేత్తలు ఎలుక కాలేయ కణాల స్థానంలో కూడా మనిషివి పెట్టి ఈ చిక్కును చాలావరకు విప్పారు.

మా తమ్ముడికి తీవ్ర మైలాయిడ్ లుకేమియా (ఒక రకం రక్త కేన్సర్). మిగిలిన మజ్జ నమూనాను ఎలుకల్లో పెడతామంటూ అనుమతి పత్రం ఇచ్చారు. సంతకం పెట్టమంటారా? దానివల్ల వాడికి సరైన మందు దొరుకుతుందా? – ఒక అక్క

అమ్మా, ముందు రెండో ప్రశ్నకు చెబుతాను. ఆ ఆశతో మాత్రం సంతకం పెట్టకండి. కణాలు ఎలుకలో పెరగడానికి నెలలు పడుతుంది. మీ తమ్ముడి చికిత్స అంతకాలం ఆగదు, ఆగకూడదు కూడా. చాలామంది రోగుల కణాలు ఎలుకలో అసలు నిలవవు. అలా జరిగినా మీరు భయపడనక్కర్లేదు.

మరి ఎవరికి ఉపయోగం అంటారా? 1994లో టొరంటోలో జాన్ డిక్ బృందం ఇలాంటి రోగుల కణాలనే స్కిడ్ ఎలుకల్లో పెట్టింది. జబ్బును మళ్లీ మొదలుపెట్టగలిగిన కణం రెండున్నర లక్షల్లో ఒక్కటే ఉందని తేలింది. తగ్గినట్టు కనిపించిన లుకేమియా మళ్లీ ఎందుకు వస్తుందో ఆలోచించే తీరు ఆ పనితో మారింది. పేరు చెప్పని ఆ రోగులు ఇచ్చిన కణాలు లేకపోతే అది జరిగేది కాదు. నా బల్లమీదకు వచ్చిన ప్రతి గొట్టం మీదా పేరు బదులు ఒక సంఖ్య ఉండేది. ఆ సంఖ్య వెనక మీ తమ్ముడి లాంటి మనిషి ఉన్నాడన్న ఎరుకతోనే మూత తీసేదాన్ని.

సంతకానికి ముందు డాక్టరుగారిని ఇవి అడగండి. చికిత్సకు తీసినదాంట్లో మిగిలిందే వాడతారా, పరిశోధన కోసం మళ్లీ సూది గుచ్చుతారా? పేరు తీసేస్తారా? జన్యు వివరాలు చదువుతారా, ఎవరితో పంచుకుంటారు? కంపెనీలకు ఇస్తారా? తర్వాత మనసు మారితే, అప్పటికే ఎలుకల్లో ఉన్న కణాలను ఏం చేస్తారు? వీటికి ఓపిగ్గా జవాబు చెప్పాలి. పత్రాన్ని ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటామని అడిగే హక్కు మీకుంది. వద్దంటే వైద్యంలో తేడా రాకూడదు. తమ్ముడికి వయసు, స్పృహ ఉంటే నిర్ణయం అతనిదే. మీరు పక్కన కూర్చుని చదివి వినిపించండి.