సెమియన్‌ని కిందికి దించాలా వద్దా: 2023 అక్టోబరులో మా కారులో జరిగిన వాదన

మీరు అడిగింది ఇది: 2023 బేస్‌బాల్ ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర్లో కప్పు కోసం జరిగే సిరీస్‌లలో) మార్కస్ సెమియన్ సరిగ్గా కొట్టకపోయినా, టెక్సస్ రేంజర్స్ మేనేజర్ బ్రూస్ బోచీ అతన్ని రోజూ మొదటి బ్యాటర్‌గానే ఎందుకు పంపాడు? అదే సెమియన్‌ని 2025లో లైనప్‌లో (బ్యాటింగ్ వరుసలో) కిందికి ఎందుకు దించారు? రెంటిలో ఏది తప్పు? క్రికెట్‌లో అయితే ఫామ్ లేనివాణ్ణి పక్కన పెడతారు కదా అని కూడా అన్నారు.

నా లెక్కలో రెండూ సరైన నిర్ణయాలే. అయితే 2023 అక్టోబరులో ఈ మాట ఎవరైనా నాతో అని ఉంటే గట్టిగా పోట్లాడేవాణ్ణి. నిజానికి పోట్లాడాను కూడా, మా బావమరిదితో.

మేం ఇర్వింగ్‌లో ఉంటాం. స్టేడియం ఆర్లింగ్టన్‌లో, కారులో అరగంట లోపే. 2021లో రేంజర్స్ 102 మ్యాచ్‌లు ఓడినప్పుడు టికెట్లు చవగ్గా దొరికేవి కాబట్టి పిల్లల్ని తీసుకుని వెళ్లడం మొదలుపెట్టాం. ఆ ఏడాది చివర్లో సెమియన్‌కి ఏడేళ్లకు 17.5 కోట్ల డాలర్లు, కోరీ సీగర్‌కి పదేళ్లకు 32.5 కోట్ల డాలర్లు ఇచ్చి తెచ్చుకున్నారు. మరుసటి ఏడాదీ ఓడారు. 2023లో బోచీ వచ్చాక టీమ్ ముఖమే మారిపోయింది.

అసలు గొడవ అక్టోబరు 20, శుక్రవారం నాడు. హ్యూస్టన్ ఆస్ట్రోస్‌తో ఏడు మ్యాచ్‌ల ప్లేఆఫ్ సిరీస్‌లో ఐదో మ్యాచ్. దసరా నవరాత్రులు నడుస్తున్నాయి, ఇంట్లో బొమ్మల కొలువు, మర్నాడు పేరంటం. మా ఆవిడ ఇచ్చిన సామాన్ల చీటీ జేబులో పెట్టుకుని, ఆఫీసు నుంచి తొందరగా బయటపడి, బావమరిదితో స్టేడియంకి వెళ్లాను. పై అంతస్తులో సీట్లు. మా బావమరిదికి ఒక అలవాటు ఉంది. చిన్న స్కోరు పుస్తకం, పెన్సిల్ తెచ్చుకుని ప్రతి బ్యాటర్ ఏం చేశాడో గడుల్లో రాసుకుంటాడు. ఔటైనా సరే, బంతి గట్టిగా తగిలితే ఆ గడి మూలన చిన్న చుక్క పెడతాడు.

ఆరో ఇన్నింగ్స్‌లో మా అడోలిస్ గార్సియా మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు (బంతి మైదానం దాటితే కొట్టినవాడికీ, బేస్‌ల మీదున్నవాళ్లకీ తలా ఒక పరుగు). మేం 4-2తో ముందున్నాం. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఆస్ట్రోస్ పిచర్ బ్రయాన్ అబ్రేయూ వేసిన బంతి గార్సియాకి తగిలింది, రెండు టీమ్‌లూ మైదానంలోకి వచ్చేశాయి. అంపైర్లు గార్సియాని, అబ్రేయూని, ఆస్ట్రోస్ మేనేజర్ డస్టీ బేకర్‌ని బయటికి పంపేసరికి పది నిమిషాల పైన పట్టింది. అంతసేపూ మా పిచర్ హోసే లెక్లెర్క్ ఊరికే కూర్చున్నాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌కి బోచీ అతన్నే మళ్లీ దింపాడు. ఒక సింగిల్, ఒక వాక్ (నాలుగు చెడ్డ బంతులు వదిలేస్తే ఊరికే వచ్చే మొదటి బేస్), ఆ వెంటనే హోసే ఆల్టూవే మూడు పరుగుల హోమ్ రన్. 5-4. స్టేడియం మొత్తం చల్లబడిపోయింది.

చివరి అవకాశంలో ఇద్దరు బేస్‌ల మీదికి వెళ్లారు, ఒక్కరూ ఔట్ కాలేదు. బ్యాటింగ్‌కి సెమియన్. గట్టిగా కొట్టాడు. తల ఎత్తున బంతి నేరుగా వెళ్లి షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) గ్లవ్‌లో పడింది. ఆ తర్వాత ఇద్దరూ ఔట్. మ్యాచ్ పోయింది.

తిరిగి వస్తూ దారంతా నాది ఒకటే మాట. ‘‘ప్లేఆఫ్స్ మొదలైనప్పటి నుంచి ఒక్క హోమ్ రన్ లేదు, అతన్ని ఆరో స్థానంలో పడేయాలి. మొదట్లో ఎవరైనా కుర్రాణ్ణి పంపాలి. ఈ ముసలాయన బోచీకి పట్టుదల ఎక్కువైంది.’’ బావమరిది కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ లైటు వేసి స్కోరు పుస్తకం చూపించాడు. సెమియన్ చివరి గడిలో ‘ఎల్-6’ అని ఉంది. అంటే షార్ట్‌స్టాప్‌కి లైన్ డ్రైవ్, నేలకి తగలకుండా సూటిగా వెళ్లిన దెబ్బ. మూలన చుక్క. ‘‘బావా, ఇది రెండడుగులు పక్కకి పడి ఉంటే స్కోరు సమం. అప్పుడూ నువ్వు ఇదే మాట అంటావా?’’ అన్నాడు.

ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. తర్వాత కూర్చుని లెక్క వేసుకుంటే విషయం అర్థమైంది. ఇక్కడే బేస్‌బాల్ క్రికెట్‌కి దూరం జరుగుతుంది.

క్రికెట్‌లో ఓపెనర్ మొదటి ఓవర్లో ఔటైతే ఆ ఇన్నింగ్స్‌లో అతని పని అయిపోయినట్టే. బేస్‌బాల్‌లో తొమ్మిది మంది ఒకే వరుసలో తిరుగుతూ ఉంటారు, ప్రతి ఒక్కరికీ మ్యాచ్‌లో నాలుగైదు టర్న్‌లు వస్తాయి. పైనున్నవాడికి ఒకటి ఎక్కువ వస్తుంది, అంతే. 162 మ్యాచ్‌ల సీజన్‌లో ఒక్కో స్థానం కిందికి దిగితే దాదాపు 18 టర్న్‌లు తగ్గుతాయి. అంటే సెమియన్‌ని మొదటి నుంచి ఆరుకి దించినా ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో మారేది మూడు నాలుగు టర్న్‌లు. ఆ మూడు నాలుగు టర్న్‌లు ఎవరికిస్తున్నాం? సీజన్ మొత్తం మీద సెమియన్ కంటే తక్కువ కొట్టినవాడికి. 2023లో సెమియన్ 162కి 162 మ్యాచ్‌లూ ఆడాడు, 29 హోమ్ రన్లు కొట్టాడు, 100 పరుగులు రప్పించాడు, సగటు 0.276.

0.276 సగటున్న బ్యాటర్ నలభై సార్లు కొడితే మామూలుగా 11 హిట్లు (ఔట్ కాకుండా బేస్ చేర్చే దెబ్బలు) రావాలి. అందులో నాలుగు బంతులు ఫీల్డర్ల చేతుల్లోకి నేరుగా వెళ్తే ఏడే మిగులుతాయి. సగటు 0.175కి పడిపోతుంది. పేపర్లో చూస్తే మనిషి పూర్తిగా పోయాడనిపిస్తుంది. నిజానికి పోయింది నాలుగు బంతులు. పది మ్యాచ్‌ల అంకెలు చూసి లైనప్ మార్చే మేనేజర్ ఆ నాలుగు బంతుల వెనకాల పరిగెడుతున్నట్టు లెక్క. మేం ఆదివారాలు ఆడే క్రికెట్ టీమ్‌కి ఎంపిక నా చేతిలో ఉన్నప్పుడు నేను చేసింది అదే. ఒక వేసవిలో మూడు మ్యాచ్‌లు పరుగులు రాలేదని మంచి ఓపెనర్‌ని శనివారం రాత్రి వాట్సాప్ లిస్టులోంచి తీసేశాను. ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆ అబ్బాయి మళ్లీ మా టీమ్‌కి ఆడలేదు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అయితే బోచీది గుడ్డి నమ్మకం అనుకోవద్దు. అదే సీజన్‌లో ఎన్ని మార్చాడో చూడండి. సీజన్లో చాలా భాగం ఆఖరి ఇన్నింగ్స్ వేసింది విల్ స్మిత్, 22 సేవ్‌లు (ఆఖర్లో వచ్చి టీమ్ ఆధిక్యాన్ని కాపాడటం) చేశాడు. సీజన్ చివర్లో పరుగులు ఇస్తుంటే ఆ పని అతని దగ్గర నుంచి తీసేశారు. ఎవన్ కార్టర్ అనే 21 ఏళ్ల కుర్రాణ్ణి సెప్టెంబరు 8న మైనర్ లీగ్ (కింది స్థాయి లీగ్) నుంచి పిలిచారు. రెగ్యులర్ సీజన్‌లో ఆడింది 23 మ్యాచ్‌లే. ప్లేఆఫ్స్ మొదట్లో లైనప్ అడుగున ఉన్నవాణ్ణి వరల్డ్ సిరీస్ (ఫైనల్) నాటికి మూడో స్థానానికి తెచ్చాడు, సీగర్ వెనకాలే. కార్టర్ ఆ పోస్ట్ సీజన్‌లో, అంటే ప్లేఆఫ్స్‌లో, తొమ్మిది డబుల్స్ (రెండో బేస్ దాకా చేర్చే హిట్లు) కొట్టి రికార్డు పెట్టాడు. మనకి తెలిసిన భాషలో చెప్పాలంటే 2001 కోల్‌కతా టెస్టు గుర్తు తెచ్చుకోండి. మొదటి ఇన్నింగ్స్‌లో ఆరో స్థానంలో 59 కొట్టిన లక్ష్మణ్‌ని ఫాలో ఆన్‌లో మూడో స్థానంలో పంపారు, 281 వచ్చాయి. బాగా కొడుతున్నవాణ్ణి పైకి తేవడం వేరు, రాత్రికి రాత్రి మంచి బ్యాటర్‌ని కిందికి తోసెయ్యడం వేరు. నేను ఆ రెండూ ఒకటే అనుకున్నాను.

ఐదో మ్యాచ్‌లో కుప్పకూలిన లెక్లెర్క్‌ని ఆదివారం ఆరో మ్యాచ్‌లో బోచీ మళ్లీ పిలిచాడు. హ్యూస్టన్‌లో, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో, మేం 4-2తో ముందున్నప్పుడు. బేస్‌లు మూడూ నిండాయి. ఆ టెన్షన్‌కి నేను టీవీ ముందు నిలబడలేక బొమ్మల కొలువు గదిలోకి వెళ్లిపోయాను. లెక్లెర్క్ స్ట్రైకౌట్‌తో (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని ఔట్ చేసి) ఇన్నింగ్స్ ముగించాడు. తర్వాత గార్సియా. ఆ రోజు అప్పటికి నాలుగు సార్లు స్ట్రైకౌట్ అయినవాడు, ఐదోసారి బేస్‌లు నిండి ఉండగా హోమ్ రన్ కొట్టాడు, 9-2. నాలుగు స్ట్రైకౌట్ల తర్వాత అతని బదులు వేరేవాణ్ణి పంపి ఉంటే ఆ రాత్రి ఎలా ముగిసేదో. మర్నాడు ఏడో మ్యాచ్ 11-4తో గెలిచి వరల్డ్ సిరీస్‌కి వెళ్లారు.

అక్కడ అరిజోనా డైమండ్‌బ్యాక్స్‌తో మూడో మ్యాచ్‌లో గార్సియా బ్యాట్ తిప్పుతూ పక్కటెముకల దగ్గర పట్టుకున్నాడు. మా పిచర్ మాక్స్ షెర్జర్ వెన్ను నొప్పితో మూడు ఇన్నింగ్స్‌లకే దిగిపోయాడు. మీరు లైనప్ గురించే అడిగారు గానీ రోస్టర్ (టీమ్‌లో ఎవరుండాలన్న జాబితా) నిర్ణయాల్లో నేను చూసిన కష్టమైనది ఇదే కాబట్టి చెబుతున్నాను. టీమ్‌లో 26 మందికే చోటు, అందులో పిచర్లు 13 మందికి మించకూడదు. గాయపడినవాణ్ణి తీసేసి ఇంకొకర్ని పెట్టుకోవచ్చు, కానీ తీసేసినవాడు ఆ సిరీస్‌లో ఇక తిరిగి రాకూడదు. గార్సియా ఆ పోస్ట్ సీజన్‌లో ఎనిమిది హోమ్ రన్లు కొట్టి, రికార్డు స్థాయిలో 22 పరుగులు రప్పించినవాడు. ఐదో, ఆరో మ్యాచ్‌కి కోలుకుంటాడేమో, పించ్ హిట్టర్‌గానైనా (మధ్యలో ఇంకొకరి బదులు బ్యాటింగ్‌కి వచ్చేవాడిగానైనా) పనికొస్తాడేమో అన్న ఆశ ఎవరికైనా ఉంటుంది. నేనైతే ఉంచేసేవాణ్ణి. వాళ్లు ఇద్దర్నీ తీసేసి ఎజకియెల్ డ్యూరాన్‌ని, బ్రాక్ బర్క్‌ని చేర్చుకున్నారు.

అక్టోబరు 31, నాలుగో మ్యాచ్. గార్సియా బదులు ఆడింది ట్రావిస్ జాంకోవ్‌స్కీ. ఆ ఏడాది మైనర్ లీగ్ ఒప్పందం మీద వచ్చి టీమ్‌లో చోటు సంపాదించుకున్న మనిషి, ఆ పోస్ట్ సీజన్‌లో ఎక్కువగా బెంచ్ మీదే ఉన్నాడు. రెండో ఇన్నింగ్స్‌లో ఇద్దరు ఔటయ్యాక సెమియన్ ట్రిపుల్ (మూడో బేస్ దాకా చేర్చే హిట్) కొట్టాడు, రెండు పరుగులు వచ్చాయి. వెంటనే సీగర్ హోమ్ రన్. మూడో ఇన్నింగ్స్‌లో మళ్లీ ఇద్దరు ఔటయ్యాకే జాంకోవ్‌స్కీ రెండు పరుగుల డబుల్, సెమియన్ మూడు పరుగుల హోమ్ రన్. 10-0. సీగర్ ముందు సెమియన్ ఎందుకు ఉండాలో ఆ రెండో ఇన్నింగ్స్ చూస్తే తెలుస్తుంది. నేను కారులో చెప్పినట్టు ఆరో స్థానంలో ఉండి ఉంటే ఆ వరుసే లేదు. ఆ మ్యాచ్ 11-7తో గెలిచారు. మర్నాడు ఐదో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో సెమియన్ ఇంకో హోమ్ రన్ కొట్టి 5-0 చేశాడు. రేంజర్స్ గెలిచిన మొదటి వరల్డ్ సిరీస్ అదే.

ఇక 2025 సంగతి. ఇక్కడ లెక్క పది మ్యాచ్‌లది కాదు, రెండేళ్లది. సెమియన్ సగటు 2024లో 0.237కి, 2025లో 0.230కి వచ్చింది. వయసు 35కి చేరింది. 2023లో చేతుల్లోకి వెళ్లిన బంతులు గట్టిగా తగిలినవి. 2025లో నేను స్టేడియంలో చూసిన మ్యాచ్‌లలో అతని బంతులు ఎక్కువగా మెత్తగా గాల్లోకి లేచేవి, ఫీల్డర్ కదలకుండా కింద నిలబడి పట్టుకునేవాడు. బావమరిది పుస్తకంలో ఆ ఏడాది సెమియన్ గడుల్లో చుక్కలు చాలా తక్కువ. అలాంటప్పుడు మొదటి స్థానంలో ఉంచితే సీజన్ మొత్తం మీద 18 టర్న్‌ల చొప్పున టీమ్‌కి నష్టం పేరుకుంటుంది. దించాల్సిందే. గౌరవం వేరు, లైనప్ వేరు.

అందుకే మీరు ఏ టీమ్‌ని చూస్తున్నా రెండు విషయాలు గమనించమంటాను. హిట్లు రాకపోయినా బంతి గట్టిగా తగులుతోందా? చెడ్డ బంతుల్ని వదిలేసి వాక్‌లు తీసుకుంటున్నాడా? ఈ రెండూ ఉంటే వారం రోజులు సున్నాలు చుట్టినా కదిలించకూడదు. రెండూ పోయి నెలలు గడిస్తే ఎంత పేరున్నా కిందికి రావాలి.

2025 నవంబరులో సెమియన్‌ని న్యూయార్క్ మెట్స్‌కి ఇచ్చి బ్రాండన్ నిమ్మోని తెచ్చుకున్నారన్న వార్త వచ్చింది. ఆ రాత్రి బావమరిది ఫొటో ఒకటి పంపాడు. పాత స్కోరు పుస్తకంలో 2023 అక్టోబరు 20 పేజీ. పెన్సిల్ గీత కాస్త చెరిగింది గానీ ‘ఎల్-6’ కనిపిస్తోంది, మూలన చుక్క కూడా.