కళ్లు పొడిబారితే నీళ్లెందుకు కారతాయి?

డాక్టరేమో కళ్లు పొడిబారాయంటున్నారు, ఏసీ కింద కూర్చుంటే మాత్రం ధారగా నీళ్లు కారుతున్నాయి, ఇదెలా అని అడిగారు కదండీ. రెండూ నిజమే. రెప్పల అంచుల్లోని మైబోమియన్ గ్రంథులు కన్నీటి పైన పల్చటి నూనె పొర వేస్తాయి. అవి పూడుకుపోతే కన్నీరు త్వరగా ఆవిరైపోయి కన్ను మండుతుంది. ఆ మంటకే ఒక్కసారిగా నీళ్లు ఊరతాయి, కానీ కంటి మీద నిలవవు.

పొద్దున్నే రెప్పలు బరువుగా, అంచులు జిగటగా ఉంటున్నాయన్నారు. నాకైతే గ్రంథుల సమస్యే అనిపిస్తోంది. శుభ్రమైన గుడ్డను వేడినీళ్లలో ముంచి పిండి, మణికట్టు మీద పెట్టి వేడి చూసుకుని, మూసిన కళ్లపై పది నిమిషాలు కాపడం పెట్టండి. చల్లారినప్పుడల్లా మళ్లీ ముంచండి. తర్వాత పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి వేలితో మెల్లగా నిమరండి. వారానికే మానేయకండి, గుణం నిదానంగా కనిపిస్తుంది.

కంటికి తేమనిచ్చే చుక్కల మందు రోజుకు నాలుగుసార్లు మించితే ప్రిజర్వేటివ్ (మందు పాడవకుండా కలిపే రసాయనం) లేనిది అడగండి. ఎరుపు తగ్గించే చుక్కలు మాత్రం వద్దు. అలర్జీకి మీరు వాడే సిట్రజిన్ కూడా కన్నీటిని తగ్గించొచ్చు, డాక్టర్‌కి తప్పక చెప్పండి. నోరు ఎండిపోవడం, కీళ్లనొప్పులు కూడా ఉంటే షోగ్రెన్ సిండ్రోమ్ (ఒంట్లోని రోగనిరోధక శక్తే కన్నీటి, లాలాజల గ్రంథులను దెబ్బతీసే జబ్బు) ఉందేమో చూడమనండి. కంట్లో గట్టిగా నొప్పి వచ్చినా, చూపు తగ్గినా ఆ రోజే వెళ్లండి.